పాలమూరు త్రోవలో మొలకపిండి

నల్లగొండ నుండి దేవరకొండ, డిండి, కల్వకుర్తి, జడ్చర్లల మీదుగా మహబూబ్‌నగరు చేరు త్రోవ వేడుకకు పోదగినదని యెవ్వరును చెప్పరు. శ్రీశైల యాత్రికులు డిండి యొద్ద దానిని తాకి దక్షిణముగా సాగిపోవుదురే గాని, దాని పొడవునను ప్రయాణము చేయువారు పనిగలవారు మాత్రమే. మేమును పనిబడియే పోయితిమి.

మా చెల్లెలి కూతురు డిండికి కొలదిదూరమున, నల్లగొండ జిల్లాలోని యొక పల్లెలో కాపురమున్నది. తొలిచూలు మగబిడ్డ. ఆరు నెలల వరకు తల్లిపాలతో చక్కగా పెరిగిన పిల్లవాడు, పిదప రెండు నెలలును తూకమున నిలిచిపోయెను. అంగనవాడిలో తూచినపుడు ముల్లు కదలలేదని యా పిల్ల యేడ్చుచు ఫోను చేసెను. "పూటపూటకు జావ పోస్తనే ఉన్న పెద్దమ్మా, గిన్నెడు తాగుతడు, అయినా బరువు వస్తలేడు" అనెను. గిన్నెడు త్రాగియు బరువు రాకుండుట యెట్లో మాకు బోధపడలేదు. మరునాటి యుదయమున చెల్లెలిని వెంటబెట్టుకొని నల్లగొండలో బస్సెక్కితిమి. అచ్చటి పని తీరిన పిమ్మట మహబూబ్‌నగరులోనున్న మా మేనత్తను గూడ చూచి రావచ్చునని తలచితిమి.

ఊరు దాటిన కొంతసేపటికి ఎఱ్ఱని చెలకలు, వాని నడుమ నొకదానిపై నొకటి పేర్చినట్లున్న గుండ్లు, గట్లపై తుమ్మలు, తాటిచెట్లు కనబడసాగెను. ఈ సీమలో ఏటికి ఆరువందలు మొదలు ఏడువందల యేబది మిల్లీమీటర్ల వాన కురియును. అదియు అదనునకు వచ్చునన్న నమ్మకము లేదు. జొన్న, సజ్జ, తైదలు, ఆముదము ఈ నేలకు తగిన పైరులు. తైదలనగా రాయలసీమవారు రాగులనునవి, ఉత్తరాంధ్రమువారు చోళ్ళనునవి. 1967లో నాగార్జునసాగరపు కాలువలకు నీరు వదలినపుడు మిర్యాలగూడ, హుజూర్‌నగరు ప్రాంతములు వరిమళ్ళయ్యెను గాని, జలాశయముకన్న మిట్టగానున్న దేవరకొండ నేలకు ఆ నీరెక్కలేదు. ఇచ్చట పిదప వచ్చిన మార్పు పత్తి. బస్సు కిటికీనుండి చూచినంతమేర పత్తిచేలే. జొన్నచేను కనబడినపుడు మా చెల్లెలు వ్రేలు చూపి చెప్పవలసివచ్చెను. పత్తి యమ్మి ధాన్యము కొనవచ్చుననుట నిజమే. అయినను ఇంటి గరిసెలో తైదలున్న నాటికిని, సంచి తెచ్చుకొని దుకాణమునకు పోవు నాటికిని బిడ్డల గిన్నెలో భేదము వచ్చినదని మాకు తోచును.

దేవరకొండలో బస్సు మారితిమి. పద్మనాయకుల కోట యెదుటనే యున్నది గాని ఎండలో కొండ యెక్కు నోపిక లేక క్రిందనుండియే నమస్కరించి ముందునకు సాగితిమి.

మొలకెత్తిన గింజల పిండిని గూర్చి మాకు కొంత ముందే తెలిసియుండెను. తెలిసిన చోటు మాత్రము సోదరీమణులు నవ్వదగినది. క్రిందటి యేడు చలికాలమున సంగారెడ్డి వైపు బంధువుల యింటికి పోయినపుడు, ఆ ప్రాంతమున బీరు కాచు నొక కర్మాగారములో పనిచేయు వారి యబ్బాయి మమ్ము తోడ్కొనిపోయి మర చూపెను. పోవుటకు మొదట జంకితిమి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి దుకాణముపై తిరుగబడిన సంగతియు, 1995లో వచ్చిన మద్యనిషేధము రెండేండ్లకే సడలిన సంగతియు ఈ పత్రిక చదువువారెవ్వరును మరచియుండరు. మద్యమును మెచ్చుటకు మేమిది వ్రాయుటలేదు. కాని యచ్చట గింజకు జరుగు పని వంటింటి స్త్రీ చూడదగినదిగా నుండెను.

రాజస్థానము, హర్యానాలలో పండిన బార్లీ గింజలను నీట నానబెట్టి, మొలక వచ్చిన నాలుగైదు దినములకు వేడిగాలితో నెండబెట్టుదురు. దీనికి మాల్టని పేరు. మొలకెత్తునపుడు గింజ తనలోని పిండిని చక్కెరగా విడగొట్టుకొనుటకు ఎంజైములను పుట్టించుకొనును. మొలకను పెరుగనిచ్చినచో ఆ చక్కెరనంతయు మొక్క తినివేయును. కావున ఎంజైములు పుట్టిన పిమ్మట, మొక్క పిండిని తినకమునుపు, గింజ నెండబెట్టి ఆపివేయుదురు. ఈ ఎండబెట్టు వేడి మితము దప్పినచో ఎంజైములు చచ్చును. గోరువెచ్చని నీట కలిపినపుడు అవి మరల మేల్కొని, చిక్కని పిండిని పలుచని తీపినీరుగా మార్చును.

మేము మర యనగా పిండి చేయునదని తలచియుంటిమి. అచ్చటి మర పిండి చేయదు; గింజను చిదిపి విడుచును. ఇనుప దిండ్లవలె రెండేసి ఉరుళ్ళు ఎదురెదురుగా తిరుగుచుండగా గింజలు వాని నడుమ పడును. మొదటి జత నడుమ సందు సుమారు మిల్లీమీటరున్నర. తరువాతి జత నడుమ అంతకన్న తక్కువ. లోపలి పప్పు నలిగి రవ్వ కావలెను గాని పైపొట్టు చిరుగరాదు. ఎందుకన, పిండిని నీటిలో ఉడికించిన పిమ్మట ఆ పొట్టే అడుగున పరుపువలె పేరుకొని తీపినీటిని వడగట్టును. పొట్టు పొడియైనచో వడపోత ముద్దగట్టి నిలిచిపోవును. పప్పు గరుకుగా మిగిలినచో తీపి గింజలోననే యుండిపోవును. అందుచేత కొన్నిచోట్ల విసరుటకు ముందు గింజపై రవంత ఆవిరి పట్టింతురు. పొట్టు మెత్తబడి సాగును, లోపలి పప్పు పెళుసుగానే యుండును. అబ్బాయి పిడికెడు చిదుపు మా చేతిలో పోసి, "పొట్టు ఊదిచూడుడు, పడవలవలె నున్నదా?" అని యడిగెను. అట్లే యుండెను. ఆనాడిది వింతగా చూచి మరచితిమి.

పల్లె చేరునప్పటికి మూడు గంటలు దాటెను. పిల్లవాడు వాకిట మంచముపై పడుకొని కాళ్ళాడించుచుండెను. బలహీనుడనరాదు గాని, మణికట్టు సన్నముగా నుండెను. జావ గిన్నె చూచితిమి. గరిటెతో నెత్తగా నీరువలె కారెను. రంగు మాత్రము తైదలది. "చిక్కగా చేస్తే ఉమ్మేస్తడు పెద్దమ్మా" అని తల్లి చెప్పెను. సంగతి తెలిసినది. ఎనిమిది నెలల బిడ్డ పొట్ట పిడికెడంత. చిక్కని జావ మ్రింగలేడు. పలుచని జావతో పొట్ట నిండును గాని అందులో నున్నది నీరు. గిన్నెడు త్రాగియు బరువు రాకుండుటలో మాయ లేదు.

అది తెలియని పిల్ల కాదు. ఎవరో చెప్పగా విని తైదలను మొలకెత్తించియే పిండి చేసినదట. అయినను జావ చిక్కనగుట మానలేదట. ఎట్లు చేసితివని యడుగగా, మొలకలను పెంకుమీద కమ్మని వాసన వచ్చి నల్లబడువరకు వేయించి గిర్నికి పంపితినని చెప్పెను. ఇచ్చట పిండిమరను గిర్ని యందురు. గోడ చెంత కూర్చుండియున్న యింటి ముసలియవ్వ, పిల్లవాని తాతకు తల్లి, ఎనుబది దాటినది, అంతవరకు మాటాడలేదు. అప్పుడనెను: "మాడగొట్టినవ్ బిడ్డా. పానం పోయినంక గది ఏం పనిజేస్తది?"

ఎంజైమను మాట అవ్వ యెరుగదు. సంగారెడ్డి మరలో మేము విన్న సంగతి ఆమె నాలుగు మాటలలో తేల్చివేసెను. వేయించిన పిండికి కమ్మదనము వచ్చును. పలుచజేయు శక్తి మాత్రము పోవును. పట్టణములలో మొలకపిండి చేయు మన సోదరీమణులు చాలమంది ఈ పొరపాటే చేయుచున్నారని మా యనుమానము. మేమును చేసియున్నాము.

"మళ్ళ జేద్దాం" అని అవ్వ తీర్మానించెను. అందుచేత రెండు దినములకని పోయినవారము ఆరు దినములుంటిమి.

రెండు కిలోల తైదలను చాటలో చెరిగి, రాళ్ళేరి, మూడు నీళ్ళు కడిగి, సాయంకాలము నానబెట్టితిమి. నీటి విషయమున ఆ యింటివారికి పట్టుదల కలదు. నానబెట్టుటకైనను వంటకైనను నల్లానీరే గాని బోరునీరు ముట్టరు. కారణము నల్లగొండ జిల్లా యెరిగినవారికి చెప్పనక్కరలేదు. భూగర్భజలములోని ఫ్లోరైడుచే ఇచ్చటివారి యెముకలు వంగుటను 1955లోనే సిద్దీఖీ యను వైద్యుడు ఇంగ్లండు వైద్యపత్రికలో ప్రకటించెను. ఫ్లోరైడును తొలగించుటకు పటికయు సున్నమును వాడు పద్ధతికి నల్లగొండ పేరే నిలిచినది. మిషన్ భగీరథ గొట్టములు వచ్చిన పిమ్మట కృష్ణనీరు ఈ పల్లెకు చేరెను. నీటిని మరిగించినచో సూక్ష్మజీవులు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. ఆవిరియైన నీటి మేరకు మిగిలినదానిలో నది చిక్కనగును కూడ. జావ యనగా పిండికన్న నీరే యెక్కువ కదా. బిడ్డ గిన్నెకు ఏ నీరు వాడుచున్నారో చూచుకొనుట మెట్టసీమ తల్లులకు తైదలేరుకొనుట కన్న ముఖ్యము.

తెల్లవారి నీరు వంచి, గింజలను తడిగుడ్డలో మూటగట్టి నీడను వ్రేలాడగట్టితిమి. పూటకొకసారి నీళ్ళు చల్లి, మూట విప్పి గాలి తగులనిచ్చి మరల కట్టవలెను. అవ్వ ముక్కే ఇచ్చట పరీక్షాయంత్రము. మూటకు పచ్చిదోసకాయ వాసన వచ్చినంతకాలము మంచిదట. మక్కిన వాసన వచ్చినను, బూజు తీగలు కనబడినను, పశువులకు గూడ వేయక పారబోయవలెనట. బూజులో విషములు పుట్టునని నేటి శాస్త్రమును చెప్పుచున్నది.

రెండవ రాత్రి గడచునప్పటికి గింజగింజకును తెల్లని వేరు వెడలెను. ఆ యుదయముననే పొరుగింటి కోడలు, మమ్ము చూచి తానును ఉత్సాహపడి, తాను మొలకెత్తించిన పచ్చజొన్నలను చాటలో తెచ్చి చూపెను. మొలకలు అంగుళము దాటి పచ్చగా నుండెను. "ఈటిని గట్లనే ఇసిరి పిల్లకు పోస్త" అనెను. అవ్వ చివాలున లేచి చాట లాగుకొనెను.

"లేత జొన్న మేసి మీ మామ బర్రె ఎట్ల పడ్డదో మరిచినవా?"

ఆ కోడలు చాట వంక భయముతో చూచెను. మెట్టసీమలో ప్రతి కాపును ఈ సంగతి యెరుగును. వాన వెనుదీసి వాడియున్న లేత జొన్నను, కోసిన మోళ్ళనుండి వెడలిన పిలకలను పశువు మేసినచో గడియలో కూలిపోవును. జొన్న మొక్క లేతదనమున ధురిన్ అను పదార్థమును దాచుకొనును. అది నలిగినపుడు సయనైడు విషము వెడలును. ఎండిన జొన్నగింజలో ఈ భయము లేదు. రొట్టె తినుటకు శంక వలదు. కాని గింజ మొలకెత్తగానే మొలకలోను వేరులోను ధురిన్ పుట్టును. మొలక యెంత పొడవైన నంత యెక్కువ. కావున జొన్నమొలకల పిండి చేయదలచినవారు మొలక చిన్నదిగా నుండగనే యెండబెట్టి, గలగలలాడునట్లెండిన పిదప గరుకు గుడ్డపై రుద్ది, మొలకయు వేరును ఒక్కటియు మిగులకుండ చెరిగివేసి, అటుపిమ్మట మాత్రమే విసరవలెను. పసిబిడ్డకైనచో జొన్నమొలకల జోలికి పోకుండుటయే మేలు. తైదలలో ఈ భయము లేదు. పైగా పిండిని పలుచజేయు శక్తి జొన్న మొలకలకన్న తైద మొలకలకే యెక్కువ. పొరుగింటి చాటలోని మొలకలు పెంటకుప్ప చేరెను. పచ్చిమొలకలను సలాడుగా తినుట యిటీవలి పట్టణపు వాడుక. పెసలకు చెల్లునది జొన్నకు చెల్లదని యిది చదువువారు తమ వంటింటిలో తప్పక చెప్పుదురు గాక.

మా తైదలు పలుచగా పరచిన గుడ్డపై రెండు దినములెండెను. సాయంకాలము అవ్వ వానిని రెండు చేతులనడుమ నలిపి చాటనెత్తి చెరుగగా, సన్నని వేరులు దూదివలె నెగిరిపోయెను. తైదలలో విషము లేకున్నను ఆ వేరులు చేదు. పిదప పెంకును పొయ్యిపై నుంచి, చేయి పెట్టగలిగినంత వేడిలో మాత్రము గింజను ఒక్క తిప్పు త్రిప్పి దింపివేసెను. రంగు మారలేదు.

ఇక విసరుట. మరునాడు చీకటితో లేచి చూచునప్పటికి అవ్వ గింజలపై చెంబులోని నీళ్ళు చిలకరించుచుండెను. ఎండబెట్టుటకు రెండు దినములు పడిగాపులు పడి మరల తడుపుట యేమని మా చెల్లెలు నవ్వెను. మాకు నవ్వు రాలేదు. "పొట్టు సాగుతది, పిండిల కలవదు" అని అవ్వ అనెను. సంగారెడ్డిలో ఆవిరి పట్టించుట చూచియున్న మేము ఆమె వంక చూచుచుండిపోతిమి.

ఇసుర్రాయి మూరెడు వెడల్పున్న రెండు నల్లరాళ్ళు. క్రిందిదాని నడుమ ఇనుప చీల. పైదానికి గింజపోయు బెజ్జము, అంచున కొయ్యపిడి. అవ్వ పైరాతి నెత్తించి చీలకు పాతగుడ్డ పేలిక చుట్టించెను. గుడ్డ దళసరియైనచో పైరాయి లేచి సందు పెరుగును, రవ్వ పడును; పలుచనైనచో మెత్తని పిండి పడును. మొదట దళసరి చుట్టుతో ఒక్కసారి విసరి, పొట్టు విడిపోయిన రవ్వను జల్లెడ పట్టి, పిదప పేలిక తీసివేసి రెండవమారు విసరితిమి. కర్మాగారములో మరబిగించి సరిచేయు సందును అవ్వ చింకిపాతతో సరిచేయుచున్నది. ఒక్కటే భేదము. వారికి పొట్టు వడపోతకు కావలెను గనుక కాపాడుదురు. మనకది బిడ్డ గొంతుకు గుచ్చుకొనును గనుక తీసివేయవలెను. కాపాడువారికిని తీసివేయువారికిని పొట్టు చిరుగకుండుటయే కావలసియున్నది.

చెప్పుటకు సులభముగానున్నది గాని చేయుట సులభము కాదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుండి ఒకే పిడి పట్టి త్రిప్పవలెను. మొలకెత్తిన గింజ పెళుసు. మామూలు తైదలకన్న తేలికగా నలుగును. అయినను అరగంటకే మా యరచేతులు బొబ్బలెక్కెను. అవ్వ కూర్చుండినచోటనుండి పాట యెత్తుకొనెను. ఆ పాట విసరుచున్న చేయి వేగమును బట్టి కట్టినదేమో, పాట ఆగినపుడెల్ల మా రాయియు నాగుచుండెను. పూర్వము తెల్లవారుజామున ప్రతి యింటను ఇదే పని. గిర్ని వచ్చి స్త్రీలకు చేసిన మేలును కాదనువారు ఇసుర్రాయి త్రిప్పియుండరు. మేమును నిత్యము విసరుడని యెవ్వరికిని చెప్పము.

అయితే గిర్నికి పోవునపుడు చూచుకొనవలసినవి కలవు. రాళ్ళు వేగముగా తిరిగి పిండిని కాల్చును. చేయి పెట్టలేనంత వేడిగా వచ్చిన పిండిలో మొలకశక్తి కొంత చెడును. ముందువారి పిండి మర గొంతులో మిగిలి మన పిండిలో కలియును. మా పిల్ల తొలిసారి పంపినపుడు ఎవరి కారమో తగిలి, బిడ్డ పెదవులెఱ్ఱబడి పూటంతయు నేడ్చినాడట. మొదట రెండు గుప్పిళ్ళ బియ్యము వేయించి పారబోయించిన పిదపనే మన గింజ పోయించవలెను. రెండు విడతలుగా, నడుమ చల్లారనిచ్చి పట్టించుట మంచిది.

విసరిన పిండిని పలుచని నూలుగుడ్డతో వస్త్రగాళితము చేసి, చెమ్మ పోవునట్లు గంటసేపు ఎండనుంచితిమి. రెండు కిలోల తైదలకు కిలోనర కన్న తక్కువయే పిండి వచ్చెను. మిగిలిన పొట్టు కోళ్ళకు పోయెను. బీరు కర్మాగారమున మిగులు పిప్పియు పాడిపశువుల దాణాకే పోవునట.

ఆ మధ్యాహ్నము జరిగినది మేము మరువము. బియ్యపు నూకయు పెసరపప్పును మెత్తగా నుడికించి, గరిటె నిలుచునంత చిక్కని జావ చేయించి, పొయ్యి దింపి, వ్రేలు పెట్టి తీయగలిగినంత వేడికి చల్లారనిచ్చితిమి. అవ్వ ఒక చెంచాడు మొలకపిండిని చల్లనీట కలిపి అందులో పోసి త్రిప్పుమనెను. పిల్ల త్రిప్పుచుండగా, మొదట గరిటె ఒరిగెను. పిమ్మట జావ గరిటెనుండి తీగవలె జారెను. పది నిమిషములు కాకమునుపే పాలవలె కారసాగెను. చుక్క నీరైనను చేర్చలేదు. చూచుచున్న పిల్ల గరిటె విడిచి పమిటతో కన్నులొత్తుకొనెను. అదే గిన్నె, అదే పలుచదనము. లోపలి తిండి మాత్రము మునుపటికి రెండింతలుండును.

ఇచ్చట రెండు జాగ్రత్తలు. మరుగుచున్న జావలో మొలకపిండి వేసినచో ఎంజైములు తక్షణమే చచ్చి ఫలముండదు. పలుచబడిన పిమ్మట మాత్రము మరల పొయ్యిమీద పెట్టి ఒక పొంగు రానిచ్చి దింపవలెను. నానబెట్టి మొలకెత్తించిన పిండిలో సూక్ష్మజీవులుండుట సహజము. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయమువారు 1980 దశాబ్దమున పసిబిడ్డలకై మొలకపిండిని పరిశోధించి ఈ గుణమునే వివరించిరి. నూరు గ్రాముల తైదలలో మూడువందల యేబది మిల్లీగ్రాముల వరకు సున్నపు ధాతువు కలదు. అంతమాత్రమున మొలకపిండియే సర్వమని తలపరాదు. చెంచాడు నేయియో నూనెయో, పప్పు, వీలైనవారికి గ్రుడ్డు, అంగనవాడివారిచ్చు బాలామృతము చేరవలెను. తల్లిపాలు మానరాదు. నెలకును తూకము పెరుగనిచో వైద్యునికి చూపవలెను.

పిల్లవాడు గిన్నె ముగించి మూతి చప్పరించెను. అవ్వ, "నా పన్నెండుగురికి గిదే పోసిన" అని మరల గోడ కొరిగెను. పన్నెండుగురిలో ఎందరు మిగిలిరని మేమడుగలేదు.

ఏడవనాడు కల్వకుర్తి త్రోవను బయలుదేరితిమి. డిండి దాటిన కొంతమేరకే పాత పాలమూరు జిల్లా యెల్ల. 2016లో జిల్లాలను విడదీసినపుడు కల్వకుర్తి నాగర్‌కర్నూలు పాలయ్యెను. పాలమూరు కూలీలు తట్టయు పారయు పట్టి దేశపు జలాశయములనెన్నింటినో కట్టిరని విందుము. కూలికి వలసపోవు తల్లి చెట్టుకు ఊయెలగట్టి పోయునది ఏమి? చేతిలోనున్న జావయే. అట్టివారికి రెండు గుప్పిళ్ళ మొలకపిండి ఎంత పనిచేయునో తలచుకొనుచు పోతిమి.

జడ్చర్లలో బస్సు మారునపుడు అంబలి బండి కనబడెను. తైదంబలి, ప్రక్కన నల్చిన ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ. చేరి గ్లాసు త్రాగితిమి. తైదలు మనవేయని గర్వపడుదుము గాని అవి పూర్వమెపుడో తూర్పు ఆఫ్రికా మిట్టలనుండి వచ్చినవి. అచ్చటి యుగాండాలో నేటికిని తైదమొలకలు విసరి బీరు చేసి, ఒకే కుండ చుట్టు కూర్చుండి పొడవైన గొట్టములతో త్రాగుదురు. మన పొరుగున కోరాపుటు కొండలవారు తైదలతో చేయు లందయు దానికి చుట్టమే. నైజీరియా 1988లో బార్లీ మాల్టు దిగుమతిని మాన్పినపుడు అచ్చటి కర్మాగారములు జొన్నవైపు తిరిగెను. జొన్నకు బార్లీవలె వడపోతకక్కరకు వచ్చు పొట్టు లేనందున మరలను, జల్లెడలను మార్చుకొనవలసివచ్చెను. అవ్వ యింటి పొట్టును గూర్చి యంత పెద్ద కర్మాగారములు తలపట్టుకొనియుండుట మాకు సంతోషమే కలిగించెను.

మహబూబ్‌నగరులో రెండు దినములుంటిమి. ఊరిపేరు 1890 వరకు పాలమూరే. జనుల నోట నేటికిని అదియే. పిల్లలమర్రి నీడను ఒక సాయంకాలము గడచెను. మరునాడు మేనత్త చెప్పిన చోట, త్రోవ ప్రక్క రాళ్ళు చెక్కువారి యొద్ద చిన్న ఇసుర్రాయి నొకదానిని బేరమాడి కొంటిమి. నిత్యము విసరుడని యెవ్వరికిని చెప్పమని వ్రాసినవారమే, ఐనను కొంటిమి. ఇది వ్రాయునాటికి నెల గడచినది. పిల్లవాని తూకము మూడువందల గ్రాములు పెరిగినదని నిన్న కబురందెను.

ఇసుర్రాతిని గోనెసంచిలో మూటగట్టి బస్సెక్కించునపుడు కండక్టరు సామానుకు టిక్కెట్టు తీసుకొనుమనెను. తీసుకొంటిమి. ప్రక్కన కూర్చున్న ముసలామె మూట విప్పించి, పైరాతి యడుగున బొటనవ్రేలితో గంట్లు తడవిచూచి, పెదవి విరిచెను. "లోతు లెవ్వమ్మా. ఇంకోసారి కొట్టించుకో."